ఉచితంగా చెబుతానన్నా ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. దేవరకొండ దగ్గర మా ఊరు, చుట్టూ మూడు తండాలు. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారు. మూడో తరగతికొచ్చినా కూడికలు రావట్లేదు. చూస్తూ ఊరుకోలేక దసరా తర్వాత ప్రతి ఆదివారం పొద్దున పదింటికి మా బడిలోనే పిల్లల పెంపకం మీద తల్లిదండ్రులకు ఉచిత తరగతి మొదలుపెట్టాను. మొదటి వారం 23 మంది వచ్చారు. రెండో వారం తొమ్మిది మంది. మూడో వారం ఇద్దరే. ఆ ఇద్దరిలోనూ ఒకామె వాళ్లత్త పింఛను కాగితం రాయించుకోవడానికి వచ్చింది. హాజరు రిజిస్టరు పెట్టాను, చార్టులు రాశాను, నా డబ్బుతో ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చాను. మావారు 'ఇంక చాలు, ఇంటిపట్టున ఉండు' అంటున్నారు. ఒక స్నేహితురాలేమో 'ఉచితమంటే విలువుండదు, మనిషికి యాభై పెట్టు' అంటోంది. మన వైపు జనానికి ఇలాంటివి అలవాటు లేదేమో అనిపిస్తోంది. మానేయాలా, ఫీజు పెట్టాలా?
— ఒక రిటైర్డ్ టీచర్, నల్లగొండ జిల్లా

సమాధానం: టీచర్ గారూ, మానేయొద్దు. ఫీజు అసలే పెట్టొద్దు.

ముందు ఫీజు సంగతి. మీరు ఉచితం అన్నది మీ వైపు నుంచి. వాళ్ల వైపు నుంచి చూస్తే అది అర కూలి. దసరా తర్వాత అంటే పత్తి ఏరే కాలం. మీ దగ్గర ఏరే కూలి కిలోకు ఇంతని ఇస్తారు కదా. ఎండ ముదరకముందు ఎంత ఏరితే అంత. ఆదివారం పొద్దున పదింటికి చేలో ఉండాల్సిన మనిషి మీ బడిలో కూర్చుంటే, ఆ పూట ఆమె సంచిలో పడని పత్తే మీ ఫీజు. మొదటి వారం 23 మంది ఆ ఫీజు కట్టి వచ్చారు. మీ మీద గౌరవంతో వచ్చారు. వాళ్లలో చాలామంది మీ దగ్గర అ ఆలు దిద్దినవాళ్లే అయి ఉంటారు. రెండో వారం కట్టలేకపోయారు. దాని మీద ఇంకో యాభై వేస్తే ఆ ఇద్దరు కూడా రారు.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపిన మాట రిజిస్టరు. సంతకం రాని తల్లి గది తలుపు దగ్గర ఆ పుస్తకం చూసి వెనక్కి తిరుగుతుంది. పదిమంది ముందు, అదీ టీచర్ ముందు, వేలిముద్ర వేయడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఊహించండి. సంతకం వచ్చినవాళ్లకు ఇంకో భయం. ఇవాళ ఊళ్లల్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి సంతకాలు తీసుకునేది ఎక్కువగా అప్పుల గ్రూపులే. వారం వారం కిస్తీ మీటింగులు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మీద ఒత్తిడి. అలాంటి బాకీ ఉన్నామె నలుగురు కూడిన చోటికి రావడానికే జంకుతుంది. పుస్తకంలో సంతకం అంటే దేనికి జమానతు పడుతున్నానో అనుకుంటుంది. ఆ రిజిస్టరు తీసేయండి. ఎవరొచ్చారో మీకు తెలుసు, ఊరంతా మీకు తెలిసినవాళ్లే.

నేను కూడా ఈ తప్పులన్నీ చేశాను కాబట్టి చెబుతున్నాను. కొన్నేళ్ల కింద మహబూబ్‌నగర్ పక్కన ఒక ఊళ్లో ఇద్దరు స్నేహితులతో కలిసి తల్లులకు ఒక సభ పెట్టాం. 'రోజుకో అరగంట పిల్లలతో మాట్లాడండి' అని నేను చాలాసేపు చెప్పాను. వెనక గోడకు ఆనుకుని ఒకామె కూర్చుంది. ఒళ్లో పాప నిద్రపోతోంది. ఎండిన పత్తికాయ మొనలు గీసుకుని ఆమె వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. పాప జుట్టులో చిక్కుకున్న దూది పోగులను ఆ వేళ్లతోనే ఒక్కొక్కటిగా తీస్తోంది. నేను ఆపగానే అడిగింది: 'అమ్మా, నువ్వు చెప్పేది మంచిగనే ఉంది. గని నేను నాలుగింటికి లేస్తే రాత్రి తొమ్మిదింటికి నడుం వాలుస్త. ముచ్చట ఎప్పుడు పెట్టాలె?' నా దగ్గర జవాబు లేదు. పక్కనున్నామె చెప్పింది: 'జడేసేటప్పుడు పెట్టు. అప్పుడు పిల్లా ఎటూ పోదు, నువ్వూ ఎటూ పోవు.'

అంతే, అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకామె పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని రొట్టెలు లెక్కపెట్టిస్తానంది. ఒకామె నీళ్లు పోసేటప్పుడు పాట పాడతానంది. ఇంకొకామె తన బిడ్డ అసలు మాట్లాడట్లేదని ఏడ్చింది. ఆ రోజు తరగతి జరిగింది అక్కడ, నేను నోరు మూసుకున్నాక. మీరు కూడా గంటలో పది నిమిషాలే మాట్లాడండి. ముప్పై ఒక్క ఏళ్లు చెప్పడం అలవాటైనవారికి ఇది కష్టమే. అయినా మీవల్ల అవుతుంది.

'మన వైపు జనానికి అలవాటు లేదు' అన్నారే, దానికి మాత్రం నేను ఒప్పుకోను. మీరు కూర్చున్న గడ్డ ఏది? నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం 1918లో పుట్టింది. అమ్మభాషలో చదువుకే దిక్కులేని నిజాం కాలం అది. 1931లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్లు పెట్టుకున్న రెండో ఆంధ్ర మహాసభ మీ దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. దాంతోపాటే మహిళా సభ కూడా పెట్టుకున్నారు. ఆడవాళ్లు కూర్చుని చదువు గురించి మాట్లాడుకోవడం మీ ఊరికి తొంభై ఏళ్ల నాటి సంగతి. ఇప్పుడైనా బతుకమ్మకు తొమ్మిది రోజులు ఎవరూ చాటింపు వేయకుండానే ఊరంతా ఒక్కచోట చేరుతోంది కదా. జనానికి కూడటం వచ్చు. మనం పిలిచిన వేళ, పిలిచిన తీరు కుదరలేదు.

అందుకే కొత్తగా పిలవడం ఆపి, వాళ్లు ఇప్పటికే కూర్చుంటున్న చోటికి మీరు వెళ్లండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది టీకాల రోజు. బుధవారమో శనివారమో, మీ ఊరికి ఏ రోజో ఏఎన్ఎంను అడగండి. టీకా వేశాక బిడ్డకు ఏమైనా తేడా చేస్తుందేమో అని తల్లిని అరగంట అక్కడే ఉండమంటారు. ఆ అరగంట ఆమెకు ఎటూ ఖాళీనే. ఒడిలో బిడ్డ, పక్కన ఇంకో అయిదారుగురు తల్లులు, జ్వరం వస్తుందేమోనన్న టెన్షన్. ఆ సమయంలో మీరు పక్కన కూర్చుని 'రాత్రి జ్వరమొస్తే ఏం చేస్తావ్?' అని అడిగితే చాలు, మాట దానంతటదే సాగుతుంది. ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ముందే చెప్పి, వాళ్ల పని మధ్యలోకి రానని మాటిచ్చి వెళ్లండి. మందుల మాట వాళ్లకే వదిలేయండి.

రెండోది అంగన్‌వాడీ. ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు మధ్యాహ్నం భోజనానికి వస్తారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 2015 నుంచి నడుస్తోంది. చాలాచోట్ల గిన్నె తెచ్చుకుని కట్టించుకుపోతారన్నది నిజమే. కానీ మాట్లాడేందుకు ఒక మనిషి ఉంటే కూర్చుని తింటారు. అక్కడ సీమంతాలు, అన్నప్రాసనలు, అక్షరాభ్యాసాలు కూడా చేస్తున్నారు. వాటికి అత్తలూ వస్తారు. అత్తలు వచ్చారంటే సగం పని అయినట్టే, ఎందుకంటే బిడ్డకు ఏం పెట్టాలో చాలా ఇళ్లల్లో ఇప్పటికీ ఆమె మాటే చెల్లుతుంది. ఒకరోజు బాలామృతం ప్యాకెట్ విప్పి అందరి ముందూ ఉడికించండి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోలు ఇచ్చే ఆ పిండి ఇంటిల్లిపాదీ తినడమో, గేదె కుడితిలో కలవడమో మీరూ చూసే ఉంటారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పిండి అది. వేడి నీళ్లలో ఎంత వేయాలి, ఎంత చిక్కగా ఉండాలి అన్నది చార్టు చూసి ఎవరూ నేర్చుకోరు. గరిటె నుంచి జారేది చూసి నేర్చుకుంటారు. కిరాయి ప్రొజెక్టర్ కన్నా ఆ గిన్నె గొప్పది.

అంగన్‌వాడీ టీచర్‌కు మీరు పోటీ అనిపించకుండా చూసుకోండి. ఆమెకు ఫోన్‌లో ఎక్కించాల్సిన లెక్కలే బోలెడు. మీరు వచ్చి ఇంకో పని నెత్తిన పెడతారని భయపడుతుంది. మొదటి రెండుసార్లు ఊరికే వెళ్లి పిల్లలను చూసుకోండి, ఆమెకు కాస్త ఊపిరి ఆడుతుంది.

మహిళా సంఘం మీటింగు ఇంకో మంచి చోటు. పదీ పదిహేను మంది తప్పకుండా వస్తారు, తేదీ కూడా ఖాయం. కానీ డబ్బు లెక్క మొదలు కాకముందే మీ ఇరవై నిమిషాలు అడగండి. లెక్క అయ్యాక ఒక్కరూ ఉండరు, పొదుపు కట్టగానే చెప్పులేసుకుంటారు. ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలితో ముందే మాట్లాడితే మీకు బడి తలుపు కూడా తెరుచుకుంటుంది, ఎందుకంటే 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి ఆమే అధ్యక్షురాలు. ఇంకో సంగతి తల్లులకు మీ నోటితో చెప్పండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీలో పేరుండి, ఒక్క మీటింగుకూ పిలుపు అందని తల్లులను నేను చూశాను. బడిలో మరుగుదొడ్డికి నీళ్లు రావట్లేదని అడగడం గొడవ పడటం కాదని, ఆ కుర్చీ తమదేనని మీలాంటి టీచర్ చెబితే నమ్ముతారు.

చోటు గురించి ఒక మాట నొప్పించకుండా చెప్పాలని చూస్తున్నాను. మీ బడి ఊరి నడుమ ఉందా? ఎస్సీ కాలనీ వాళ్లు, తండా వాళ్లు ప్రతిసారీ మీ దగ్గరికే రావాలంటే రారు. ఊళ్లో ఒకసారి, కాలనీలో ఒకసారి, తండాలో ఒకసారి పెట్టండి. గుడి అరుగు మాత్రం వద్దు, ఎవరు కూర్చోవచ్చు ఎవరు కూర్చోకూడదన్న పాత లెక్కలు అక్కడ ఇంకా పోలేదు. కాలనీలో వాళ్లిచ్చిన చాయ్ తాగండి. మీరు ఆ గ్లాసు అందుకోవడాన్ని అందరూ చూస్తారు.

తండాకు వెళ్లినప్పుడు భాష గుర్తుపెట్టుకోండి. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం ముందు బిక్కమొహం వేస్తే, టీచర్లు చాలామంది తల్లికి చెప్పేది 'ఇంట్లో తెలుగు మాట్లాడండి' అని. దయచేసి మీరు అలా చెప్పొద్దు. తల్లికి బాగా వచ్చిన భాషలో కథ విన్న పిల్లకు మాట బలపడుతుంది, ఆ బలంతోనే రెండో భాష అందుతుంది. తండాలో ఇంటర్ చదివే అమ్మాయిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు తెలుగులో చెప్పింది ఆమె లంబాడీలో చెబుతుంది. తిరిగి వాళ్లు చెప్పింది మీకు తెలుగులో చెబుతుంది. ఈ రెండోదే ముఖ్యం.

పేరు కూడా మార్చండి. 'తల్లిదండ్రుల తరగతి' అంటే ఎంతమంది బయటే ఉండిపోతారో చూడండి. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికో, మేస్త్రీ పనికో పోతే పిల్లలు తాత, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు అయితే బొంబాయి, పుణె వలసలు తాతల కాలం నుంచీ ఉన్నవే. ఆ నాయనమ్మకు మీ బోర్డు చదివి వినిపిస్తే 'అది నాకు కాదు' అనుకుంటుంది. పైగా తరగతి అంటే తప్పులు పడతారన్న భయం. 'పిల్లల ముచ్చట' అనండి. 'రాత్రి బువ్వ తిన్నాక వేపచెట్టు కింద ముచ్చట పెడదాం రండి' అంటే ముసలమ్మ కూడా కర్ర పట్టుకుని వస్తుంది. పత్తి అయ్యేదాకా పొద్దుటి పూట మాట మరిచిపోండి. వాడలోనే, ఎనిమిదింటికి, ముప్పావు గంట చాలు. అమావాస్యనాడు పని పెట్టుకోని ఊరైతే ఆ రోజు మీదే.

చంటిపిల్లలు ఏడుస్తారు. అదేం తప్పు కాదు, కానీ పక్కన ఒక చాప, దాని మీద చింతగింజలు, ఇద్దరు పదో తరగతి అమ్మాయిలు ఉండాలి. గింజలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు మాత్రం తల్లి దగ్గరే. ఆ చింతగింజలతోనే మీ కూడికల బాధ కూడా తీరుతుంది. వామనగుంటలు ఆడమనండి. పద్నాలుగు గుంటలు, ఒక్కో గింజా పంచుకుంటూ పోవడం, ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవడం. అక్షరం రాని నాయనమ్మ మనవడికి లెక్కలు చెప్పగలిగే ఆట ఇది. నాయనమ్మే టీచర్ అవుతుంది. ప్రొజెక్టర్ కిరాయి డబ్బుతో అలసంద గుడాలు ఉడకబెట్టించండి. చేను నుంచి వచ్చిన మనిషి ఆకలితో ఏ మాటా వినలేదు.

ఫోన్ గురించి మీ బాధ నాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఉంది: రెండేళ్లు నిండని బిడ్డకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. మీరు ఈ లెక్క చెప్పండి. కానీ చెప్పి ఊరుకుంటే ఆమె తల ఊపి ఇంటికి పోయి ఫోనే ఇస్తుంది, ఎందుకంటే పొయ్యి మీద కూర మాడుతోంది, పిల్లోడు మంట దగ్గరికి పోతున్నాడు. 'నీ వంట వేళకు పిల్లోణ్ని ఎవరు పట్టుకుంటారు?' అని అడగండి. ఇద్దరు పొరుగువాళ్లు వంతులు వేసుకున్నా పని జరుగుతుంది. లేదా తండ్రి పట్టుకోవాలి.

తండ్రులు. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. పిల్లల పెంపకం మీటింగు అంటే ఆడవాళ్ల మీటింగు అనుకున్నంతకాలం ఆ తల్లి నెత్తిన మనం ఇంకో బరువు పెట్టినట్టే. మగవాళ్లను ఉపన్యాసానికి పిలిస్తే రారు, పనికి పిలిస్తే వస్తారు. అంగన్‌వాడీ ముందు పాత టైరుతో ఊయల కట్టాలి, ట్రాక్టర్ కావాలి అనండి. పొద్దుగూకకముందే పిలవండి, ఆ తర్వాత కొందరి దారి కల్లు వైపు పోతుంది. ఊయల కట్టేటప్పుడు వాళ్ల పిల్లలు చుట్టూ ఎగురుతుంటారు. అప్పుడు అడగండి, 'నీ బిడ్డ ఇప్పుడు ఏ పాఠం చదువుతోంది?' అని. జవాబు తెలియని తండ్రి మొహం వాడిపోతుంది. ఆట పట్టించకండి. వచ్చేసారి తెలుసుకుని రమ్మనండి.

కొన్ని మాటలు గుంపులో తేలేవి కావు. మాట రాని బిడ్డ, నడవని బిడ్డ గురించి తల్లి చెబితే 'నిదానంగా వస్తాయిలే' అని మీరూ అనకండి, ఎవరినీ అననివ్వకండి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి, పేరు రాయించండి. అక్కడి నుంచి జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. పద్దెనిమిదేళ్ల దాకా వైద్యం ఉచితం. ఇలాంటి ఇబ్బందులున్న బడి వయసు పిల్లలకు మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. తల్లికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు కాబట్టి చార్జీలకు వెనకాడక్కర్లేదు. మొదటిసారి మాత్రం మీరు తోడు వెళ్లండి, ఆస్పత్రిలో ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో తెలియకే చాలామంది తిరిగొచ్చేస్తారు. ఇంట్లో దెబ్బలు తింటున్నామె ఉంటే 181, పిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి కుదుర్చుతుంటే 1098, మనసు బాగోక నిద్రపట్టని తల్లికి 14416. ఈ మూడు నంబర్లూ గోడ మీద రాయించండి. ఎవరికి ఏది అవసరమో వాళ్లే చూసుకుంటారు. ముచ్చటలో విన్నది బయట చెప్పకూడదన్న కట్టుబాటు మొదటి రోజే పెట్టుకోండి. ఒక్కసారి ఒక్క మాట బయటికి పొక్కితే ఆ చెట్టు కిందికి మళ్లీ ఎవరూ రారు.

ఎంతమంది వచ్చారన్న లెక్క కొన్నాళ్లు వదిలేయండి. ఎనిమిది మంది ఆరు నెలలు వస్తే నాకది 23 కన్నా పెద్ద సంఖ్య. మీవారికి కూడా ఒక పని చెప్పండి. ఉత్తరం చూస్తే ఆయన కోపం మీరు అలసిపోతున్నారనే తప్ప పని మీద కాదనిపించింది.

మూడో వారం వచ్చిన ఇద్దరి దగ్గరికి మళ్లీ వెళ్లండి. పింఛను కాగితం రాయించుకున్నామె మీకు దారి చూపించింది. ప్రతి ముచ్చట చివర పావుగంట కాగితాలు రాసిపెడతానని చెప్పండి. రేషన్ కార్డు, పింఛను, కులం సర్టిఫికెట్, ఏదైనా సరే. ఇక ఆ రెండోది, ఏ పనీ లేకుండా వట్టిగా వచ్చి కూర్చున్నామె. ఆమె ఎందుకు వచ్చిందో మీరు రాయలేదు. బహుశా అడిగి ఉండరు. ఈ వారం చీకటి పడ్డాక ఒకసారి ఆమె ఇంటికి వెళ్లండి, చేతిలో ఏ పుస్తకమూ లేకుండా. మిగతావాళ్లను ఎప్పుడు, ఎక్కడికి పిలవాలో ఆమెనే అడగండి.